బండి సీల, జీపు పిన్ను

జైనూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో కెరమెరి ఘాటు ఉంది. అది అడవి మధ్య మలుపుల రోడ్డు. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ.

ఆ చుట్టుపక్కల ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరికి బస్సు రాదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు పైసలు లేవు. కాని బస్సు ఆగే రోడ్డు దాకా పోవాలి గదా! దానికి జీపే దిక్కు. అంగడికి జీపే. ఆసుపత్రికి జీపే.

ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు ఉన్నారు. కొడుకు జీపు నడుపుతాడు. అది పాత మహీంద్రా జీపు. కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసింది. ఆ అప్పుతో జీపు కొన్నారు. నెలనెలా కిస్తు ఆమే కడుతుంది. సంఘం పుస్తకంలో సంతకం కూడా ఆమెదే.

ఒక అంగడి రోజు కోడలు జీపులో ముందు కూర్చున్నది. భర్త చేతులనే చూస్తున్నది. రోడ్డు తిన్నగానే ఉంది. అయినా అతను స్టీరింగును ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుతూనే ఉన్నాడు. స్టీరింగు తిరుగుతున్నది. జీపు తిరగడం లేదు. ఒక గుంతలో చక్రం పడింది. స్టీరింగు గడగడ వణికింది.

"స్టీరింగు గట్ల తిరుగుతున్నది. బండి తిరుగుతలేదు. ఏమైంది?" అని అడిగింది.

"పాత బండి గదా. జర లూజు ఉంటది. ఏం కాదు" అన్నాడు భర్త.

ఆ రాత్రి ఆమె మళ్లీ అడిగింది. "మేస్త్రికి చూపియ్యరాదు?"

"చూపిస్తే సామాను మార్చుమంటడు. ఈ నెల పైసలు యాడున్నయి? పోరగాని ఫీజు కట్టాలె. కిస్తు కట్టాలె. ఇంకో నెల నడుస్తది."

మంచం మీద పండుకున్న అత్త లేచి కూర్చున్నది.

"కొడుకా! మీ నాయిన ఎడ్లబండి తోలిండు. పొద్దుగాల బండి కట్టే ముందు ఏం చూసేటోడు? ఇరుసుకు సీల ఉన్నదా లేదా చూసేటోడు. సీల ఎంత ఉంటది? వేలంత ఉంటది. అది ఊడితే గిర్ర ఊడుతది. నీ జీపుకు సీల లేదా?"

కొడుకు మాట్లాడలేదు. తెల్లారి జీపును మేస్త్రి దగ్గరికి తోలుకుపోయాడు. కోడలు కూడా పోయింది.

స్టీరింగు కింద ఏముంది?

మేస్త్రి జీపు ముందు కూర్చొని కిందికి చూపించాడు.

"చూడు చెల్లె. స్టీరింగు తిప్పితే చక్రం సీదా తిరగదు. నడుమ చానా చేతులు ఉంటయి. ఇల్లు కట్టేకాడ తట్టలు అందిచ్చుకుంటరు గదా? గట్లనే ఒకటి ఇంకో దానికి అందిస్తది."

ఆ చేతులు ఏవో వరుసగా చూద్దాం.

మొదటిది స్టీరింగు రాడ్డు. డ్రైవరు చేతి కింద నుంచి ముందుకు పోతుంది.

రెండోది స్టీరింగ్ బాక్సు. ఇది ఇనుప పెట్టె. లోపల నూనె ఉంటుంది. స్టీరింగు గుండ్రంగా తిరుగుతుంది. బాక్సు కింద ఉన్న చేయి మాత్రం ముందుకు, వెనక్కి కదులుతుంది. ఆ చేతిని డ్రాప్ ఆర్మ్ అంటారు.

మూడోది డ్రాగ్ లింకు. ఇది ఒక రాడ్డు. డ్రాప్ ఆర్మ్ కదిలితే ఇదీ కదులుతుంది.

నాలుగోది టై రాడ్డు. ఇది ముందు చక్రాలు రెంటినీ కలుపుతుంది. దీని వల్లనే రెండు చక్రాలూ ఒకే దిక్కు తిరుగుతాయి. కొన్ని పాత జీపుల్లో ఒకటి కాదు, రెండు టై రాడ్లు ఉంటాయి.

ఈ రాడ్ల చివర కీళ్లు ఉంటాయి. వాటిని టై రాడ్ ఎండ్లు అంటారు. బాల్ జాయింట్లు అని కూడా అంటారు. మన భుజం కీలు లాంటిదే ఇది. ఒక గిన్నెలో గుండ్రటి ఇనుప గుండు ఉంటుంది. గుండు గిన్నెలో అన్ని దిక్కులా తిరుగుతుంది, కాని బయటికి రాదు. పైన రబ్బరు టోపీ ఉంటుంది. లోపల గ్రీజు ఉంటుంది.

జీపు గుంతలో పడితే చక్రం ఎగిరిపడుతుంది. ఆ దెబ్బ మొదట ఈ కీలుకే తగులుతుంది.

కీలు ఎందుకు అరుగుతుంది?

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేస్తాం. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. జీపు కీలుకు గ్రీజే కందెన.

రబ్బరు టోపీ చినిగితే దుమ్ము లోపలికి పోతుంది. వానకాలంలో వాగు దాటితే నీళ్లు పోతాయి. గ్రీజు బయటికి వస్తుంది. గ్రీజులో దుమ్ము కలిస్తే గరుకు కాగితంతో రాసినట్టే. ఇనుము ఇనుమును తింటుంది. గుండు చిన్నగవుతుంది. గిన్నె పెద్దగవుతుంది. నడుమ సందు పడుతుంది. ఆ సందునే మేస్త్రీలు ప్లే అంటారు.

ఈ సందు తనంతట తాను తగ్గదు. పెరుగుతూనే ఉంటుంది. సందు పెరిగిన కొద్దీ దెబ్బ గట్టిగా తగులుతుంది. దెబ్బ గట్టిగా తగిలిన కొద్దీ సందు ఇంకా పెరుగుతుంది. చివరికి ఒక రోజు గుండు గిన్నెలో నుంచి ఊడి వస్తుంది. అప్పుడు స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది. కాని చక్రం అతని మాట వినదు.

చేతికి తెలిసింది

మేస్త్రి ఇంజను ఆపాడు. ముందు చక్రాలను తిన్నగా పెట్టాడు. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాడు. భర్తను సీట్లో కూర్చోబెట్టాడు.

"స్టీరింగు కొద్దిగ ఇటు అటు ఊపు. పెద్దగ తిప్పకు" అన్నాడు. "చెల్లె, నువ్వు ఈ కీలు మీద చెయ్యి పెట్టు."

ఆమె చేయి పెట్టింది. టక్, టక్. చేతికి దెబ్బ తెలిసింది. రాడ్డు కదులుతున్నది. చక్రం మాత్రం కదలడం లేదు.

"అన్నా, నడుమ సందు ఉన్నది" అన్నది.

"గదే ప్లే. ఇగ ఇటు దిక్కుది పట్టి చూడు."

రెండో కీలు దగ్గర కూడా టక్కుమన్నది. రబ్బరు టోపీ చినిగి ఉన్నది. గ్రీజు ఎండి మట్టి గడ్డలా అయింది.

తర్వాత మేస్త్రి జాకీతో ముందు చక్రం లేపాడు. ఇరుసు కింద గట్టి మొద్దు పెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి పోకూడదు. చక్రాన్ని రెండు పక్కల పట్టుకొని ఊపాడు. ఇట్లా ఊపితే కదిలితే టై రాడ్ కీళ్ల మీద అనుమానం. తర్వాత పైనా కిందా పట్టుకొని ఊపాడు. అట్లా కదిలితే చక్రం బేరింగు మీద, కింగ్ పిన్ను మీద అనుమానం. ఆ జీపుకు బేరింగు, కింగ్ పిన్ను బాగానే ఉన్నాయి. కీళ్లే పోయాయి.

"ఇవి ఎప్పుడు వేసిన్రు?" అని అడిగాడు మేస్త్రి.

"పోయినేడే వేసినం" అన్నాడు భర్త. "తక్కువ ధరకు దొరికినయి."

"బిల్లు ఉన్నదా? పెట్టె ఉన్నదా?"

రెండూ లేవు.

ఎట్లాంటి సామాను కొనాలి?

జీపు 1941లో రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికా సైన్యం కోసం తయారైంది. తయారు చేసిన వాటిలో విల్లీస్ కంపెనీ ముఖ్యమైనది. 1940ల చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఎం.ఎం. 540, కమాండర్ లాంటి బండ్లు వచ్చాయి. పల్లెల్లో, అడవి దారుల్లో అవి చాలా తిరిగాయి. ఇప్పుడు ఆ బండ్లు తయారు కావడం లేదు. అందుకే వాటికి బండి కంపెనీ సామాను అన్ని చోట్లా దొరకదు. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్నాల్లో సామాన్ల దుకాణాలు ఉన్నాయి. అక్కడ వేరే కంపెనీలు చేసిన సామాను దొరుకుతుంది.

వేరే కంపెనీ చేసిందంటే చెడ్డదని కాదు. మంచి పేరున్న కంపెనీలు గట్టి సామాను చేస్తాయి. పేరు లేని సామానుతోనే భయం. కొనేటప్పుడు ఇవి చూడాలి:

పెట్టె మీద తయారు చేసిన కంపెనీ పేరు, అడ్రసు ఉన్నాయా? చదవండి.

ధర అచ్చు వేసి ఉందా? ఏ బండికి పనికొస్తుందో రాసి ఉందా?

గుండును చేత్తో కదిలించండి. అన్ని దిక్కులా బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. కొత్తదే గలగలమంటే తీసుకోవద్దు.

రబ్బరు టోపీ మెత్తగా, మందంగా ఉందా? మరలు సాఫీగా ఉన్నాయా?

గ్రీజు కొట్టడానికి నిప్పల్ ఉందా? కొన్నింటికి ఉండదు. వాటికి మళ్లీ గ్రీజు కొట్టలేం. దొరికితే నిప్పల్ ఉన్నదే పాత జీపుకు మంచిది.

బిల్లు తీసుకోండి. బిల్లు మీద తేదీ చూడండి.

దుకాణంలో రెండు పెట్టెలు పెట్టారు. ఒక దాని మీద బొమ్మ మాత్రమే ఉంది. ఇంకో దాని మీద కంపెనీ పేరు, ఊరు, ధర అన్నీ ఉన్నాయి. కోడలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివింది. బొమ్మ పెట్టెను పక్కకు జరిపింది.

ఆ రోజు కిరాయి

సామాను తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"సాయంత్రం సంఘపోళ్లు మీటింగుకు పోవాలె. నా జీపు కోసమే ఎదురు చూస్తరు" అన్నాడు భర్త. "ఈ ఒక్క తిప్ప కొట్టి వస్త. రేపు బిగిద్దం."

మేస్త్రి ఏమీ అనలేదు. కోడలే అన్నది.

"నీ బండిల ఎక్కేది నాతోటి సంఘపోళ్లే. కీలు పోయిందని ఇప్పుడు నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకు తెల్వదు. తెలిసి ఎక్కిచ్చుకుంటే, రేపు ఏమన్న అయితే వాళ్ల ఇండ్ల ముంగట నుంచి నేనెట్ల నడవాలె?"

భర్త జీపు తాళం మేస్త్రి చేతిలో పెట్టాడు. సంఘం వాళ్లకు ఫోను చేసి ఈ రోజు జీపు రాదని చెప్పాడు.

కీళ్లు ఎట్లా మార్చారు?

మేస్త్రి ముందుగా టేపుతో టై రాడ్డు పొడవు కొలిచాడు. ఈ కీలు నడిమి నుంచి ఆ కీలు నడిమి వరకు కొలిచాడు. కోడలు ఆ లెక్క రాసుకున్నది. కొత్త కీళ్లు వేసిన తర్వాత కూడా ఆ పొడవే రావాలి.

కీలు కింద నట్టు ఉంది. నట్టుకు అడ్డంగా ఒక చిన్న పిన్ను ఉంది. దాన్ని స్ప్లిట్ పిన్ను అంటారు. నట్టు తిరిగి ఊడిపోకుండా అది పట్టుకుంటుంది.

"అత్తమ్మ చెప్పిన సీల ఇదే!" అన్నది కోడలు.

మేస్త్రి పిన్ను లాగాడు. నట్టు విప్పాడు. అయినా కీలు ఊడి రాలేదు. దాని కాడ కింద సన్నగా, పైన లావుగా ఉంటుంది. రంధ్రంలో బిగుసుకుంటుంది. మేస్త్రి కాడ మీద కొట్టలేదు. రంధ్రం ఉన్న ఇనుప చేతికి పక్క నుంచి సుత్తితో కొట్టాడు. కీలు టక్కున ఊడింది.

తర్వాత కీలును రాడ్డు నుంచి మర తిప్పి తీశాడు. ఎన్ని చుట్లు తిప్పాడో లెక్క పెట్టాడు. కొత్త దాన్ని అన్నే చుట్లు బిగించాడు. టై రాడ్డు ఒక చివర మర మామూలుగా తిరుగుతుంది. ఇంకో చివర ఎదురు తిరుగుతుంది. అది తెలియక బలవంతంగా తిప్పితే మర పోతుంది.

కొత్త కీలు పెట్టే ముందు రంధ్రం తుడిచి చూశాడు. రంధ్రం గుండ్రంగానే ఉంది. అది గుడ్డులాగా సాగి ఉంటే కొత్త కీలు కూడా నిలవదు. అప్పుడు ఆ ఇనుప చేతిని కూడా మార్చాలి.

నట్టు బిగించాడు. పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురు రాలేదు. అప్పుడు నట్టును ఇంకొంచెం బిగించాడు. ఎదురు రావాలని నట్టును వదులు చేయకూడదు. పాత పిన్ను పారేసి కొత్త పిన్ను వేశాడు. దాని కాళ్లు వంచాడు. రాడ్డు మీద క్లాంపులు బిగించాడు. తర్వాత గ్రీజు కొట్టాడు.

రెండు దిక్కులా కీళ్లు మార్చాడు. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే సందు పోదు.

చివరగా చక్రాల నడుమ కొలిచాడు. ముందు పక్క ఒకసారి, వెనక పక్క ఒకసారి. ఆ పాత జీపుకు ముందు పక్క కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. కొలత తప్పితే టైర్లు తొందరగా అరుగుతాయి. కొత్త కీళ్లు వేశాక పట్నంలో వీల్ అలైన్‌మెంటు చేయించడం మంచిది.

స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూశాడు. ఏదీ ఎక్కడా తగలలేదు. ఖాళీ జీపును మెల్లగా నడిపి చూశారు. వారం తర్వాత నట్లు మళ్లీ చూపించమని మేస్త్రి చెప్పాడు.

చేయకూడని పనులు

అరిగిన కీలును సుత్తితో కొట్టి బిగించకూడదు. కొన్నాళ్లు సందు దాగుతుంది, అంతే.

కీలుకు వెల్డింగు పెట్టకూడదు. వేడికి ఇనుము పెళుసవుతుంది.

పిన్ను బదులు తీగ, మేకు పెట్టకూడదు.

స్టీరింగు వణికితే దాన్ని గట్టిగా పట్టుకొని నడపడం మందు కాదు. టైర్లలో గాలి సరిగా లేకపోయినా వణుకుతుంది. కారణం చూపించుకోవాలి.

జనం ఎక్కువైతే ఏమవుతుంది?

జీపు వెనక జనం వేలాడితే బరువు వెనక్కి పోతుంది. ముందు చక్రాలు తేలికవుతాయి. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా చక్రం నేలను గట్టిగా పట్టదు. కీళ్లు కొత్తవైనా లాభం లేదు.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డు మీద బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో పట్టే దానికంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు. ఘాటు రోడ్డు మీద బరువు ఎంత ప్రమాదమో మనం మరవకూడదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినా, అంగడికి పోయినా, నిండిన జీపు ఎక్కవద్దు. ఇంకో జీపు కోసం ఆగడం మంచిది.

కిరాయి బండికి ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. బండికి ఎనిమిదేండ్లు దాటితే ఏడాదికి ఒకసారి బండిని చూపించాలి. ఆ కాగితం మీద ఏ తేదీ వరకు అని రాసి ఉంటుంది. ఆ తేదీని మనమూ చదవవచ్చు. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలి.

బండి పుస్తకం

ఆ రాత్రి కోడలు ఒక నోటు పుస్తకం తీసింది. పైన "బండి పుస్తకం" అని రాసింది. కింద తేదీ, ఏం మార్చారు, ఎంత అయింది రాసింది. బిల్లును అదే పుస్తకంలో అంటించింది. గ్రీజు మళ్లీ ఎప్పుడు కొట్టాలో మేస్త్రిని అడిగి అదీ రాసింది.

పక్కన ఒక డబ్బా పెట్టింది. "రోజు కిరాయిలకెళ్లి 30 రూపాయలు ఇండ్ల వెయ్యాలె. ఇది బండి పొదుపు" అన్నది.

భర్త జేబులో చేయి పెట్టి 30 రూపాయలు తీసి డబ్బాలో వేశాడు.

తెల్లారి జీపు ఎక్కే ముందు అతను కిందికి వంగి చూశాడు. అత్త గడప మీద కూర్చొని అడిగింది.

"సీల ఉన్నదా కొడుకా?"

"ఉన్నదే అవ్వా."

కొత్త మాటలు

ప్లే: కీలులో పడిన సందు.
టై రాడ్డు: ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు.
స్ప్లిట్ పిన్ను: నట్టు ఊడకుండా పట్టే చిన్న పిన్ను.
కందెన: ఇరుసుకు వేసే జిడ్డు. జీపుకు గ్రీజు.

జవాబు చెప్పండి

1. రబ్బరు టోపీ చినిగితే కీలుకు ఏమవుతుంది?
2. సామాను పెట్టె మీద ఏమేమి చదవాలి?
3. పిన్ను రంధ్రం ఎదురు రాకపోతే నట్టును ఏం చేయాలి?
4. ఆ రోజు కిరాయి వదులుకోవడం సరైనదేనా? మీ సంఘంలో మాట్లాడుకోండి.

లెక్క చేయండి

ధరలు దుకాణానికి ఒక తీరుగా ఉంటాయి. లెక్క కోసం ఇట్లా అనుకుందాం. ఒక కీలు 600 రూపాయలు. రెండు కీళ్లు కొన్నారు. మేస్త్రి కూలి 500 రూపాయలు. గ్రీజు, పిన్నులు 100 రూపాయలు. మొత్తం ఎంత? రోజుకు 30 రూపాయలు డబ్బాలో వేస్తే ఎన్ని రోజుల్లో ఆ పైసలు జమ అవుతాయి?

చేసి చూడండి

మీరు ఎక్కే జీపులో ముందు సీట్లో కూర్చున్నప్పుడు స్టీరింగును గమనించండి. తిన్నని రోడ్డు మీద డ్రైవరు దాన్ని ఊరికే ఇటు అటు తిప్పుతున్నాడా? గుంతలో పడితే అది వణుకుతున్నదా? అయితే అతన్ని అడగండి: "అన్నా, కీళ్లు చూపించినవా?"